మీ పిల్లల ఇంగ్లీషు ఎక్కడ తడబడుతోందో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

శ్రీకాకుళంలో నా ట్యూషన్ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచే తల్లిదండ్రులు అడిగేది ఒకటే మాట: "మాస్టారూ, మా గుంటడికి ఇంగ్లీషు వచ్చినట్టా, రానట్టా?" చేతిలో ప్రోగ్రెస్ కార్డు ఉంటుంది. అందులో ఇంగ్లీషుకి ఎనభైకి పైనే మార్కులుంటాయి. ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు చేతికిచ్చి ఏముందో చెప్పమంటే మాత్రం కుర్రాడు ఫ్యాను వంక చూస్తాడు.

కార్డు అబద్ధమేమీ కాదు. ఏడాది పొడుగునా అవే పాఠాలు, గైడులో అవే జవాబులు, పరీక్షలో అవే ప్రశ్నలు. ఆ మార్కులు పాఠం ఎంత గుర్తుందో చెబుతాయి. ఇంగ్లీషు ఎంత వచ్చో తెలియాలంటే వేరే పరీక్ష పెట్టాలి. అది మీరే పెట్టొచ్చు. మీకు ఇంగ్లీషు ధారాళంగా రానక్కర్లేదు, ఆరో తరగతి పుస్తకం చదివి అర్థం చేసుకోగలిగితే చాలు.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి పట్టుకోండి. ఒక ప్రశ్నతో ఒక్కదాన్నే కొలవాలి. వ్యాకరణం చూసేటప్పుడు తెలియని మాటలు అడ్డం రాకూడదు. మాటలు చూసేటప్పుడు స్పెల్లింగు అడ్డం రాకూడదు. చదివింది అర్థమైందో లేదో చూసేటప్పుడు ఇంగ్లీషులో రాయడం అడ్డం రాకూడదు. అన్నీ కలిపేస్తే పిల్లాడు ఎక్కడ తప్పాడో మీకూ తెలీదు, వాడికీ తెలీదు.

ఇక్కడ ఇంగ్లీషు వాక్యాలు తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు కాగితం మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోండి.

కావలసినవి

- పిల్లాడు చదవని ఇంగ్లీషు పుస్తకాలు రెండు: ఒకటి వాడి తరగతికి కిందిది, ఒకటి పైది. కింది తరగతిది వాడు చదివేసిన పుస్తకమే అయితే పనికిరాదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు వాళ్లకి ఒడిశాలో చదివే చుట్టాల పిల్లలుంటే వాళ్ల పుస్తకం అడగండి.
- తెల్ల కాగితాలు, రెండు రంగుల పెన్నులు, ఫోను. టైము చూడ్డానికి, గొంతు రికార్డు చేయడానికి ఫోనొక్కటే చాలు.
- ఒక పాత నోటుబుక్కు. ఇందులో రాసేవి మార్కులు కావు, తప్పులు.
- పక్కనుంచి జవాబులు అందించే అక్కయ్యనో అన్నయ్యనో కాసేపు బయటికి పంపే ఉపాయం.

సైన్సు, సోషల్ పుస్తకాల్లోంచి పేరా తీసుకోవాలనుకుంటే ఒక జాగ్రత్త. మన ప్రభుత్వ బడుల్లో 2020–21 నుంచి వస్తున్న పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. పేరాని చేత్తో విడిగా రాసివ్వండి. పుస్తకమే చేతికిస్తే కళ్లు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

1. ముందు ఏ మెట్టు మీద ఉన్నాడో చూడండి

ప్రథమ్ సంస్థ వాళ్లు ఊళ్లలో ఇంటింటికీ వెళ్లి పిల్లలకి చదువు ఎంతవరకు వచ్చిందో చూసే అసర్ సర్వే 2005లో మొదలైంది. ఇంగ్లీషు చూసినప్పుడు వాళ్లు వాడే కాగితం చాలా చిన్నది: పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు, చిన్న మాటలు, తేలిక వాక్యాలు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివిస్తారు, మాటలూ వాక్యాలూ చదివినవాళ్లని అర్థం కూడా అడుగుతారు. మీరూ అలాంటిదే ఒకటి రాసుకోండి. అయిదు మాటలు, నాలుగు వాక్యాలు, అయిదు నిమిషాలు.

మాటల దగ్గరే కూడబలుక్కుంటుంటే పరీక్ష అక్కడే ఆపేయండి. వాడికిప్పుడు కావలసింది రోజూ పావుగంట చదివించడం. వాక్యాలు చదివి అర్థం చెబితేనే కింది అంకెలకి వెళ్లండి.

2. వ్యాకరణానికి పదిహేను ప్రశ్నలు

టెన్సుల పేర్లు అడక్కండి. "ఇది ప్రెజెంట్ పర్ఫెక్టా, పాస్ట్ పర్ఫెక్టా" అన్నది జ్ఞాపకశక్తికి పెట్టే పరీక్ష. తెలుగు మాట్లాడేవాళ్లు జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. అందులో అయిదు తీసుకుని ఒక్కోదానికి మూడేసి ప్రశ్నలు రాయండి.

- మన "నుంచి". అయిదేళ్ల నుంచి ఇక్కడ ఉంటున్నాం అనేది నేరుగా "వి ఆర్ లివింగ్ హియర్ ఫ్రమ్ ఫైవ్ ఇయర్స్" అయిపోతుంది. "వి హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్" అనాలని తెలుసా?
- రెండు చోట్లా భూతకాలం: "ఐ డిడ్ నాట్ వెంట్".
- ప్రశ్నలో మాటల వరస: "వేర్ యు ఆర్ గోయింగ్?"
- మన భాషలో లేని "ఎ", "ది".
- మన "కదా": "యు ఆర్ కమింగ్, ఈజంటిట్?"

వాక్యాల్లో వాడే మాటలు మూడో తరగతి స్థాయి దాటకూడదు. బడి, బస్సు, అమ్మ, అన్నం, నిన్న, రేపు. "ది కమిటీ హ్యాజ్ రిజెక్టెడ్ ది ప్రపోజల్" లాంటి వాక్యమిస్తే పిల్లాడు తప్పినప్పుడు వ్యాకరణం రాక తప్పాడో, ప్రపోజల్ అంటే తెలియక తప్పాడో మీరు చెప్పలేరు.

మూడు ప్రశ్నలూ మూడు రకాలుగా ఉండాలి. ఒకటి సరైనది ఎంచుకునేది. ఒకటి తప్పు వాక్యాన్ని దిద్దేది. మూడోది నోటితో చెప్పించేది, అసలు సంగతి బయటపడేది దీంట్లోనే. పోయినేడాది ఒక పదో తరగతి అమ్మాయిని వ్యాకరణం అడిగాను. "డిడ్ తరవాత వి-వన్ (క్రియ మొదటి రూపం) రావాలి సార్" అని గడగడా చెప్పింది. ఏదీ, పుస్తకం తియ్యమ్మా అన్నాను. "ఐ డిడ్ నాట్ బ్రాట్ ద బుక్ సార్!" రెంటికీ మధ్య పది సెకన్లు కూడా లేవు. ఎంచుకునే ప్రశ్నలు మాత్రమే పెట్టుంటే ఆ అమ్మాయికి మూడుకి మూడు వేసి ఉండేవాణ్ణి.

ఎంచుకునే ప్రశ్నల్లో మనం చేసే పొరపాట్లు:

- ఖాళీకి ముందు "ఎ" బదులు "యాన్" అని రాసేసి, ఇచ్చిన మాటల్లో అచ్చుతో మొదలయ్యేది ఒక్కటే ఉంచడం. జవాబు మనమే అందించినట్టు.
- సరైన జవాబుని అన్నిటికంటే పొడుగ్గా రాయడం. పిల్లలు దీన్ని ఇట్టే పసిగడతారు.
- నాలుగోది తోచక "పైవన్నీ" అని పెట్టడం. నాలుగు అక్కర్లేదు. నిజంగా తికమకపెట్టే మూడు చాలు.

గుడ్డిగా టిక్కులు పెట్టినా నాలుగేసి జవాబులున్న ఇరవై ప్రశ్నల్లో అయిదు కలిసొస్తాయి. అందుకే తప్పుల్ని మూడుతో భాగించి, ఒప్పుల్లోంచి తీసేయండి. పన్నెండు ఒప్పు, ఎనిమిది తప్పు అయితే చేతికొచ్చేది పన్నెండు కాదు, దాదాపు తొమ్మిది. జవాబులు మూడేసి ఉంటే రెండుతో భాగించాలి. రాయకుండా వదిలేసిన వాటిని తప్పుల్లో కలపొద్దు.

3. మాటలెన్ని వచ్చో లెక్క

డిక్షనరీ మొత్తం అడగలేం కాబట్టి, అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు చూస్తాం. బెంగాల్లో చాలాకాలం ఇంగ్లీషు బోధనలో గడిపిన మైకేల్ వెస్ట్, నేర్చుకునేవాళ్లకి బాగా అవసరమైన సుమారు 2000 మాటలతో 1953లో ఒక పట్టిక వేశాడు. ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పాతదే, కంప్యూటరూ సెల్‌ఫోనూ అందులో కనిపించవు, అయినా మన పనికి బాగానే సరిపోతుంది. ప్రతి వందో మాటా ఏరండి. ఇరవై మాటలొస్తాయి. పిల్లాడికి పదకొండు తెలిస్తే, సుమారు పదకొండు వందలు తెలుసని అంచనా. రెండు మూడొందలు అటూ ఇటూ ఉండొచ్చు. ఇంకాస్త కచ్చితంగా కావాలంటే ప్రతి యాభయ్యో మాట తీసి నలభై అడగండి.

తెలుసా అని ఎలా అడగాలి? తెలుగులో అర్థం చెప్పనివ్వండి. చేత్తో చేసి చూపించినా ఒప్పుకోండి. ఇంగ్లీషులో నిర్వచనం అడిగితే మళ్లీ రెండు పనులు కలిసిపోతాయి.

తెలియకపోయినా తెలుసనే పిల్లలు ఉంటారు. వాళ్లకోసం మధ్యలో దొంగమాటలు నాలుగు కలపండి: "బ్లాంటర్", "గ్రెంటల్", "ప్లోర్డ్" లాంటివి. ఇంగ్లీషులాగే వినిపిస్తాయి, కానీ ఎక్కడా లేవు. వాటికి కూడా "ఆఁ, తెలుసు" అని తలూపితే మిగతా "తెలుసు"లన్నిటికీ అర్థం అడగాల్సిందే.

ఇంకో చిక్కు మనకి ప్రత్యేకం. తెలుగులో తిరిగే ఇంగ్లీషు మాటల్ని లెక్కలోకి తీసుకోవద్దు. బస్సు, టిక్కెట్టు, ఫ్యాను తెలిసినంత మాత్రాన ఇంగ్లీషు తెలిసినట్టు కాదు. పైగా వాటికి మనం వేరే అర్థం తొడిగాం. మనకి హోటలంటే ఇడ్లీ తినే చోటు, కరెంటంటే స్విచ్చి వేస్తే వచ్చేది, డౌటంటే మాస్టార్ని అడిగే ప్రశ్న. "కరెంట్ ఇయర్" అన్న మాట చూసి, ఏడాదంతా కరెంటు ఉంటుందని అర్థం చెప్పిన పిల్లాడి మీద నాకు కోపం రాలేదు. వాడి తర్కం సరైనదే.

గుర్తుపట్టడం వేరు, అవసరానికి నోట్లోంచి రావడం వేరు. రెండోది చూడాలంటే వాక్యం తెలుగులో చెప్పి, ఇంగ్లీషులో మొదటి అక్షరం మాత్రం ఇవ్వండి. "నాన్న చేపలు కొన్నాడు" అని చెప్పి, "ఫాదర్ బి____ ఫిష్". ఇక్కడ "బై" అని రాస్తే మాట వచ్చు, కాలం రాలేదు. మాటలకి మార్కు ఇచ్చేసి, కాలం సంగతి వ్యాకరణం పేజీలో రాసుకోండి.

4. బిగ్గరగా చదివించడం

నూరు మాటల పేరా ఒకటి. రికార్డింగు పెట్టి చదవమనండి. మధ్యలో దిద్దకండి. ఇది పెద్దవాళ్లకి చాలా కష్టమైన పని, నాలిక కరుచుకోండి. తరవాత రికార్డు వింటూ తప్పులు లెక్కపెట్టండి. వదిలేసిన మాట, మార్చిన మాట, ఎదురుచూసినా రాని మాట, అన్నీ తప్పులే. వాడంతట వాడు దిద్దుకున్నది తప్పు కాదు. అయిదు వరకు అయితే పేరా తేలిక. పది దాటితే ఆ పుస్తకం వాడికి ఇంకా బరువు, కిందిది తీయండి.

మన యాసలో పలికితే తప్పు వేయకండి. "స్కూల్"ని "ఇస్కూల్" అన్నా చదివినట్టే.

5. అర్థమైందా?

బాగా చదివేశాడు కదా, అర్థమైపోయినట్టే అనుకుంటారు చాలామంది. ఈ తెలుగు వాక్యం చదవండి: "డుంబి గిజ్జలో చప్పిస్తోంది." ఇప్పుడు ప్రశ్న. డుంబి ఎక్కడ చప్పిస్తోంది? గిజ్జలో. ఏం చేస్తోంది? చప్పిస్తోంది. రెంటికి రెండు మార్కులు! డుంబి ఏమిటో మీకూ తెలీదు, నాకూ తెలీదు. బడి పరీక్షల్లో పేరా కింద ప్రశ్నలు చాలావరకు ఇలాంటివే. ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యం దింపేస్తే సరిపోతుంది.

అందుకని రెండు పనులు చేయండి. ప్రశ్నలు తెలుగులో అడగండి, జవాబు తెలుగులో చెప్పించండి. అప్పుడు వాక్యం దింపడానికి వీలుండదు. రెండోది, ప్రశ్నల్లో కనీసం ఒకటి పేరాలో ఎక్కడా రాయని దాని గురించి ఉండాలి. చూడండి:

"ఇట్ వాజ్ రెయినింగ్. సీతా స్టుడ్ అండర్ ది రూఫ్ ఆఫ్ ఎ షాప్. ది బస్ డిడ్ నాట్ స్టాప్. షీ లుక్డ్ ఎట్ హర్ వాచ్ అగైన్."

సీత ఎక్కడ నిలబడింది? ఇది తేలిక. దుకాణం చూరు కింద ఎందుకు నిలబడింది? రెండు వాక్యాలు కలిపితే గాని చెప్పలేడు. వాచీ ఎందుకు చూసుకుంది? ఇది పేరాలో లేదు, ఊహించాలి. అంతకుముందు కూడా చూసుకుందా? చివరి "అగైన్" పట్టుకున్నవాడే అవునంటాడు. నాలుగు వాక్యాల్లోంచి నాలుగు లోతుల ప్రశ్నలు వచ్చాయి. పెద్ద పేరా అక్కర్లేదు.

పేరా ఎంచుకోవడంలో నేను చేసిన తప్పు చెబుతాను. పిల్లలకి దగ్గరగా ఉంటుందని అరసవల్లి గుడి మీద పేరా రాశాను. గుడి ఏ దేవుడిది, ఏయే నెలల్లో ఎండ నేరుగా మూలవిరాట్టు పాదాల మీద పడుతుంది, ఇలా ప్రశ్నలు. అందరికీ మార్కులే మార్కులు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునే కుర్రాడికి కూడా! శ్రీకాకుళంలో పుట్టినవాడికి మార్చి, అక్టోబరు అని చెప్పడానికి పేరా ఎందుకు? అలాగని మంచులో స్లెడ్జి బండి మీద వెళ్లే పిల్లల కథ ఇస్తే అది మరో అన్యాయం. తెలిసిన లోకం, తెలియని సంగతి. ఆ రెండూ కలిసిన పేరా వెతకండి.

పేరా కష్టం సరిపోయిందా అన్నదానికి ఒక కొండగుర్తు: నూరు మాటల్లో తెలియనివి రెండు మించకపోతే సాయం లేకుండా హాయిగా చదువుకోగలడు. అయిదు దాకా అయితే పక్కన ఎవరో ఉండాలి. అంతకు మించితే అది చదవడం కాదు, డిక్షనరీ తిరగేయడం.

6. ఇంత టైము లేదంటారా? ఖాళీల పేరా

1953లోనే అమెరికాలో విల్సన్ టేలర్ అనే ఆయన దీన్ని బయటపెట్టాడు. ఒక రాత చదివేవాళ్లకి ఎంత కష్టమో కొలవడానికి పుట్టింది, తరవాత చదివేవాళ్లనే కొలవడానికి వాడుతున్నారు. మొదటి వాక్యం ముట్టుకోకుండా వదిలేసి, అక్కణ్ణుంచి ప్రతి ఏడో మాటా తీసేయండి. ఇరవై ఖాళీలు వచ్చేదాకా.

"రాము లివ్స్ ఇన్ పలాస. ఎవ్రీ మార్నింగ్ హిజ్ మదర్ గోస్ టు ____ క్యాషూ ఫ్యాక్టరీ బై బస్. షీ కమ్స్ ____ ఎట్ సిక్స్ ఇన్ ది ఈవెనింగ్ అండ్ ____ రైస్ ఫర్ ది ఫ్యామిలీ."

తీసేసినవి "ది", "బ్యాక్", "కుక్స్". మొదటిది వ్యాకరణం. మూడోది మాట కూడా, వ్యాకరణం కూడా. "కుక్" అని రాసినవాడికి కథ అర్థమైంది, చివరి "ఎస్" మాత్రం జారిపోయింది. రెండో ఖాళీలో "హోమ్" అని రాస్తే? ఒప్పే. జీడిపిక్కల ఫ్యాక్టరీ నుంచి మనిషి ఇంటికే కదా వచ్చేది. కుదిరే మాటలన్నీ ముందే ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. పేపరు దిద్దేటప్పుడు అప్పటికప్పుడు నిర్ణయిస్తే మన పిల్లాడికి ఒక న్యాయం, పక్కింటి పిల్లాడికి ఒక న్యాయం అవుతుంది.

ఇరవైకి పన్నెండు దాటితే ఆ స్థాయి పుస్తకం తనంతట తను చదువుకుంటాడు. ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య అయితే సాయంతో. ఎనిమిది లోపైతే కింది పుస్తకం. ఇది సుమారు లెక్క, అర మార్కు దగ్గర తగవు పెట్టుకోవద్దు.

ఇందులో ఒక్క లోపం. అన్నీ కలిపి కొలుస్తుంది. నేను మొదట చెప్పిన మాటకి ఇది విరుద్ధమే. జ్వరం ఉందో లేదో చెప్పే థర్మామీటరు లాంటిది, ఏ జబ్బో చెప్పదు. మార్కులు తక్కువొస్తే 2 నుంచి 5 దాకా చేయక తప్పదు.

7. దిద్దడం

మొత్తం కలిపి నూటికి ఇంత అని వేయకండి. నోటుబుక్కులో మూడు పేజీలు: వ్యాకరణం, మాటలు, చదవడం. ప్రతి తప్పునీ దాని పేజీలో గీత గీసి గుర్తుపెట్టండి. "నుంచి" దగ్గర మూడు గీతలు, "ఎ, ది" దగ్గర రెండు, ప్రశ్న వరస దగ్గర సున్నా. వచ్చే నెల ఏం చెప్పించాలో మీకు పేజీయే చెబుతుంది.

ఒకే చోట ఒక్కసారి తప్పితే పట్టించుకోవద్దు. మూడుకి రెండు తప్పితేనే అది తెలియనిది.

8. మీ పేపరుకే పరీక్ష పెట్టండి

ఇది ఎవరూ చేయరు.

- పేరా ఇవ్వకుండా ప్రశ్నలు మాత్రం ఎవరికైనా ఇవ్వండి. జవాబు చెప్పేస్తే ఆ ప్రశ్న తీసేయండి. నేను ముందే ఈ పని చేసుంటే అరసవల్లి పేరా గడప దాటేది కాదు.
- వీధిలో నలుగురైదుగురు పిల్లలకి పెట్టి చూడండి. అందరూ రాసిన ప్రశ్న, ఎవరూ రాయని ప్రశ్న పెద్దగా ఏమీ చెప్పవు. బాగా వచ్చినవాళ్లు తప్పి, రానివాళ్లు ఒప్పు రాసిన ప్రశ్న ఉందంటే తప్పు ప్రశ్నలోనే ఉంది. రెండు సరైన జవాబులున్నాయేమో చూడండి.
- అదే పేపరు మళ్లీ పెట్టకండి. వారం తరవాత అదే కొలతతో మరో పేపరు పెట్టండి. మార్కులు బాగా ఎగిరినా, పడినా రెండు పేపర్లలో ఒకటి తేడా.

డిగ్రీ అయ్యి విశాఖలోనో హైదరాబాదులోనో ఉద్యోగాలకి వెళ్లే పిల్లలకీ ఇదే వరస. పుస్తకం బదులు ఒక ఉద్యోగ ప్రకటన, ఒక ఆఫీసు ఉత్తరం తీసుకోండి. ఐరోపా వాళ్లు 2001లో పెట్టిన ఎ-వన్ నుంచి సి-టూ దాకా ఆరు మెట్ల లెక్క కంపెనీ ప్రకటనల్లో కనిపిస్తుంది. ఇంటి పరీక్షతో ఆ మెట్టు తేల్చలేరు, తేల్చామని రెజ్యూమేలో రాయనివ్వకండి కూడా.

మూడు నెలలకోసారి చాలు. వారం వారం పెడితే పిల్లలు ఇంగ్లీషు కాదు, మీ పేపర్లు రాయడం నేర్చుకుంటారు. ఆ పదో తరగతి అమ్మాయికి "డిడ్" పేజీలో గీతలు పోవడానికి రెండు విడతలు పట్టింది. ఇప్పుడు "ఐ డిడ్ నాట్ బ్రింగ్ ద బుక్ సార్" అంటోంది. పుస్తకం మాత్రం ఇంకా తేవడం లేదు.